రూపాయి బిళ్ళంత మరక

ఉప్పల్,
ఫిబ్రవరి, మొదటి ఆదివారం

జోసఫన్నకు రాములు నమస్తే.

కారు నీ గేటు ముందు పెట్టి, తాళంచెవి వదినకు ఇచ్చి, ఈ ఉత్తరం ఎప్పటిలాగే డ్యాష్‌బోర్డు అరలో ఉంచి పోతున్నాను. జనవరి నెల నా వంతు సుఖంగా గడిచింది. బ్రేకులు బాగున్నాయి. హారన్ మొదటిసారి నొక్కితే పలకదు, రెండోసారి పలుకుతుంది. అంతలో ముందున్నవాడు తనంతట తనే తప్పుకుంటున్నాడు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. ఎడమవైపు అద్దం దించే పిడి మళ్ళీ ఊడింది, సీటు కింద పడేశాను.

ఇక అసలు సంగతి. ఇంజన్ కింద ఆయిల్ చుక్క పడుతోంది. కంగారు పడకు. ఒక పూట నిలబెడితే రూపాయి బిళ్ళంత మరక, అంతే. అది నేను కనిపెట్టింది కూడా కాదు. పోచారంలో మా ఉమాశంకర్ కొత్త ఫ్లాటు చూడటానికి రుక్కమ్మా నేనూ పోయాం. మేము భోజనం చేసి లేచేసరికి వాళ్ళ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మన మరక ఫోటో వచ్చింది. ఎంత పెద్దదో తెలియడానికి పక్కన ఎవరో పెన్ను కూడా పెట్టారు. మా కోడలు మానస పరుగున పోయి పిజ్జా అట్టపెట్టె విప్పి కారు కింద పరిచింది. మావాడు మాత్రం నన్ను పట్టుకున్నాడు. "నాయినా, గా డబ్బా ఇంకెన్ని దినాలు నడుపుతవే? తుక్కుల ఏసేయరాదు. ఫోన్ల బటన్ ఒత్తితే ఇంటి ముంగటికే కారొస్తది గదా" అన్నాడు.

"గా డబ్బాల సగమే నాది. మిగిలిన సగం జోసఫ్ పెదనాయినది. పోయి ఆయన్ని అడుగు" అన్నాను.

నా మాట అడిగితే, ఈ మాత్రం లీకు వదిలేద్దాం. మన వయసులో నీకూ నాకూ ఎన్ని కారడం లేదు.

నేను ఇది రాస్తుంటే రుక్కమ్మ నవ్వుతోంది. "ఒక్క ఫోన్ జేసి చెప్తే అయిపాయె. గీ రాతకోతలేంది మీకు" అంటోంది. ఆమెకేం తెలుసు. నాచారం కంపెనీలో ఒకే లేత్ మెషిన్ మీద నువ్వు పొద్దటి షిఫ్టు, నేను మధ్యాహ్నం షిఫ్టు చేసిన ఇరవై ఏళ్ళలో మనం మాట్లాడుకున్నది తక్కువ, చీటీలు రాసుకున్నది ఎక్కువ. మెషిన్ సంగతి నోటితో చెప్పకూడదు, రాసి పెట్టాలని నేర్పింది నువ్వే. కంపెనీ మూతపడ్డాక ఇద్దరం కలిసి ఈ మారుతి కొన్నప్పుడు, ఒక నెల నీకు ఒక నెల నాకు అనుకున్నప్పుడు, చీటీ కూడా ఉండాల్సిందే అన్నదీ నువ్వే.

వచ్చే నెల మొదటి ఆదివారం నువ్వు తెచ్చి అప్పజెప్పాలి. రుక్కమ్మ సర్వపిండి చేస్తుందట.

నీ
బుచ్చిరాములు


నాచారం,
మార్చి, మొదటి ఆదివారం

తమ్ముడు రాములుకు ప్రభువు పేరిట వందనాలు.

చిన్న లీకు, వదిలేద్దాం అని రాశావు. కంపెనీలో కూడా నీకు అన్నీ చిన్నవే. చుక్క చిన్నదా పెద్దదా అని కాదు, ఎక్కడి నుంచి పడుతోంది అని అడగాలి. ఇంజన్ పైమూత కింద ఉండే రబ్బరు గ్యాస్కెట్ ఎండి బీటలు వారితే అది ఒక పూట పని. వెనకవైపు సీల్ పోతే ఇంజన్ దించాలి. ఏది పోయిందో చూడకుండానే వదిలేద్దాం అనడం బద్ధకం. మెకానిక్ దయాకర్‌కు చూపించు. ఆయిల్ ఉండాల్సింది లోపల. బయటికి వస్తోందంటే ఏదో ఒక ముక్క తన పని మానేసిందని అర్థం. నేను మాత్రం బాగు చేయించాలనే అంటాను.

ఈ నెల కారు బాగా నడిచింది. మా అమ్మాయి రోజీ సెలవు మీద వస్తే సువార్తమ్మా నేనూ చర్లపల్లి స్టేషన్‌కు పోయి తీసుకొచ్చాం. కొత్త టెర్మినల్ చాలా పెద్దది. నా కూతురు నడవలేక అలసిపోయింది.

చర్చిలో ఈస్టరుకు ముందు జరిగే శ్రమకాల ప్రార్థన కూడికలు మొదలయ్యాయి. కుర్చీలు వేయించే పని నాకు పెట్టారు కాబట్టి ఉప్పల్ దాకా కారు తేలేను. నువ్వే వచ్చి తీసుకుపో. సర్వపిండి డబ్బాలో పెట్టి తీసుకురా.

జోసఫ్


ఉప్పల్,
ఏప్రిల్, మొదటి ఆదివారం

జోసఫన్నకు నమస్తే.

ముందు ఒక మాట అడగాలి. నీ చేతిరాతకు ఏమైంది? చీమల బారులా రాసేవాడివి, ఇప్పుడు ఒక్కో అక్షరం బొటనవేలంత ఉంది. అదీ స్కెచ్ పెన్నుతో. దుకాణం మీద బోర్డు చదివినట్టు చదువుకున్నాను. రోజీ తన చిన్ననాటి స్కెచ్ పెన్నులన్నీ నీకు వదిలి పోయిందా ఏంది?

నీ ఆజ్ఞ ప్రకారం కారును దయాకర్ దగ్గరికి తీసుకుపోయాను. బానెట్ ఎత్తి, టార్చి వేసి, తల లోపల పెట్టి చాలాసేపు చూశాడు. "పైమూత కాడ జర చెమ్మ ఉన్నది రాములు మామా. కింద గూడ ఉన్నట్టే ఉన్నది, ఇప్పితే గాని ఎరుక గాదు. కానీ ఒక్కటి చెప్త ఇను. పాత బండి. ఒకటి ఇప్పితే ఇంకోటి ఊడ్తది. ఆయిల్ తగ్గినప్పుడు జర పోసుకో, నడిపిచ్చుకో" అన్నాడు. నేను లేచి బయల్దేరబోతే "జేయమంటే జేస్త మరి, నాదేం పోతది" అని కూడా అన్నాడు. ఏ వైపు తీసుకున్నా తప్పు ఆయనది కాకుండా చూసుకున్నాడు.

మరక పెరిగిన మాట నిజం. ఇప్పుడు చాయ్ సాసరంత ఉంది. అయినా నేను భయపడటం లేదు. గేజి తీసి ఆయిల్ మట్టం చూసుకునే మనిషి నువ్వు ఉన్నావు కదా.

భయం వేరే ఉంది. ఉమాశంకర్ మళ్ళీ అడిగాడు. ఈసారి కోపంగా కాదు, మంచిగానే అడిగాడు. "కారు అమ్మేస్తే నీకు నాచారంల ఏం పనుంటది నాయినా? పెదనాయిన కాడికి ఊకనే పోతవా?" అన్నాడు. ఏ పనీ లేకపోయినా ఊకనే పోతానని గట్టిగా చెప్పబోయాను. చెప్పలేకపోయాను. మనతో పనిచేసిన గండయ్య చెంగిచెర్లలోనే ఉండేవాడు. ఊకనే ఎన్నిసార్లు పోయాం? ఆయన కొడుకు పెళ్ళికి పోయాం, మళ్ళీ ఆయన పోయినప్పుడు పోయాం. అందుకే అన్నా, ఈ కారును విప్పి, అది మళ్ళీ అతకక, తుక్కు కింద పోయే పరిస్థితి తెచ్చుకోవద్దు. లీకు ఉంటే ఉండనీ, కారు ఉంటుంది.

పోయినసారి వదిన పెట్టిన చేపల పులుసులో చింతపండు ఎక్కువైంది. ఇది నీకు మాత్రమే చెబుతున్నాను.

రాములు


నాచారం,
మే, మొదటి ఆదివారం

రాములుకు వందనాలు.

పులుసు మాట మీ వదినకు తెలిసింది. ఎలా తెలిసిందని అడగకు. ఈసారి వచ్చినప్పుడు నీకు చారు, అన్నం.

ఇక కారు. ఇప్పుడు గేటు ముందు మరక సాసరు కాదు, పళ్ళెమంత ఉంది. సువార్తమ్మ ముగ్గు వేసే చోటు పక్కకు జరుపుకుంది. నువ్వు కారును అప్పజెప్పిన రోజు నుంచీ ఇలాగే ఉంది. నీ నెలలో నువ్వు ఆయిల్ సంగతి చూస్తున్నావా? లేదని నాకు తెలుసు. గేజి ఏ వైపు ఉంటుందో కూడా నీకు తెలుసని నేను అనుకోను. పొగగొట్టం మీద ఆయిల్ పడితే వాసన వస్తుంది, ఇంకా పడితే పొగ వస్తుంది. రోడ్డు మధ్యలో ఆగిపోయాక రుక్కమ్మ చేత తోయిస్తావా?

నువ్వు గండయ్య మాట రాశావు. అది చదివాక నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు. కానీ దాని మందు బాగు చేయించడమే. పాడైన దాన్ని పాడైనట్టే ఉంచితే ఎంతకాలం ఉంటుంది? ఈ నెల నువ్వు చేయించకపోతే మన ఇద్దరి మధ్య మాట తేడా వస్తుంది.

మొన్న సువార్తమ్మను చెంగిచెర్లలో వాళ్ళ చెల్లెలి ఇంటికి తీసుకుపోయాను. కారు బాగానే పోయింది. మోకాలు నొప్పిగా ఉంది, నువ్వే వచ్చి తీసుకుపో.

జోసఫ్


ఉప్పల్,
జూన్, మొదటి ఆదివారం

అన్నా,

చారు, అన్నం బాగున్నాయని వదినకు చెప్పు.

నువ్వు పొగ అన్నావు, పొగే వచ్చింది. ఉప్పల్ రింగ్ రోడ్డులో, నడకవంతెన కింద, సరిగ్గా ట్రాఫిక్ పోలీసు ఎదురుగా. వెనక బస్సు వాడికి నేను కనబడకుండా పోయాను. రుక్కమ్మ దిగి తోయలేదు. దిగి, నాకూ తనకూ సంబంధం లేనట్టు, చెరుకు రసం బండి దగ్గర నిలబడింది. దయాకరే వచ్చాడు. గేజి బయటికి లాగి చూసి, తుడిచి, మళ్ళీ పెట్టి, మళ్ళీ లాగి చూశాడు.

"మామా, గిదేంది? ఆయిల్ తక్కువై గాదు, ఎక్కువై పొగొస్తున్నది. పై గీత దాటి ఎంత మీదికున్నదో సూడు. లోపల జాగలేక ఏడ సందు దొరికితే ఆడికెల్లి తన్నుకొస్తున్నది. ఎవలు పోసిన్రు గింత?"

నేను పోశాను అన్నా. నీకు కారు ఇచ్చే ముందు ప్రతిసారీ డిక్కీలో ఉన్న డబ్బా తీసి కొంత వంపుతున్నాను. మెషిన్‌ను నూనె లేకుండా తర్వాతి షిఫ్టుకు అప్పజెప్పకూడదని నువ్వు నేర్పిన పాఠమే. దిగేవాడు నూనె పోసి దిగాలి, ఎక్కేవాడు నూనె పోసి ఎక్కాలి. లేత్ మెషిన్ అయితే ఎక్కువైంది కిందనున్న ట్రేలోకి పోయేది. ఇంజన్‌కు ట్రే లేదని నాకు తోచలేదు. లీకుతో నువ్వు ఎక్కడో ఆగిపోతావేమోనని పోశాను. నీకు చెబితే గేజి చూడకుండా పోశానని తిడతావని చెప్పలేదు.

కానీ నేను పోసింది అంత లేదు. దయాకర్ ఎక్కువైంది తీసి సీసాల్లో పట్టాడు, వరసగా పెట్టాడు. నాది పోగా మిగిలింది నీది. నువ్వూ పోశావు. అది పెద్ద వింత కాదు, ఒకే మెషిన్ మీద పనిచేసిన వాళ్ళం. వింత ఏమిటంటే, గీత చూడకుండా జోసఫ్ ఎందుకు పోస్తాడు? వెంట్రుకంత తేడా వస్తే తయారైన ముక్కను పక్కన పారేసిన మనిషివి నువ్వు.

అప్పుడు నాకు సీటు గుర్తొచ్చింది. నేను పొట్టివాణ్ణి. సీటును స్టీరింగ్ దాకా లాక్కుని నడుపుతాను. నువ్వు తాడిచెట్టంత పొడుగు. నీ నెల తర్వాత కారెక్కినప్పుడల్లా సీటు వెనక్కి పోయి ఉండేది, నా కాలు క్లచ్‌కు అందేది కాదు, నిన్ను తిట్టుకుంటూ ముందుకు జరుపుకునేవాణ్ణి. మార్చిలో తిట్టుకోలేదు. మేలోనూ తిట్టుకోలేదు. సీటు నేను వదిలిన చోటే ఉంది. చర్లపల్లికి మోకాళ్ళు చెవులకు ఆనించుకుని పోయావా అన్నా? చెంగిచెర్లకు కూడా?

ఆ పెద్ద పెద్ద అక్షరాలు చూసి నేను ఎగతాళి చేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపంగా ఉంది. నీకు కళ్ళు సరిగ్గా కనబడటం లేదు కదా?

దయాకర్ ఆయిల్ సరైన మట్టానికి తెచ్చాడు. మరక మళ్ళీ రూపాయి బిళ్ళంతే. కారు నీ గేటు ముందు పెట్టాను.

రాములు


నాచారం,
జూన్, బుధవారం

రాములుకు,

నీ ఉత్తరాలు శివరాత్రి నాటి నుంచీ సువార్తమ్మే చదివి వినిపిస్తోంది. పులుసు సంగతి అలాగే తెలిసింది. ఈసారిది చదువుతూ సగంలో ఆగి కళ్ళు తుడుచుకుంది.

కంటి ఆసుపత్రిలో నీటికాసులు, అంటే గ్లాకోమా అన్నారు. పోయిన చూపు తిరిగి రాదు, మందు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది అన్నారు. నడి మధ్య కొంచెం కనిపిస్తుంది, పక్కలన్నీ పొగమంచు. చర్లపల్లికి ఆటోలో పోయాం. చెంగిచెర్లకు కూడా. రోజూ పొద్దున ఇంజన్ ఆన్ చేసి మోత వినేవాణ్ణి. గేజి లాగి వేళ్ళతో తడిమితే తడి ఉందో లేదో తెలిసేది, గీత తెలిసేది కాదు, అందాజుగా పోసేవాణ్ణి. సువార్తమ్మను అడిగితే తెలిసేదే. అడగలేదు.

నీకెందుకు చెప్పలేదంటే, నెలకోసారి నా గుమ్మం ముందు ఆగడానికి నీకు ఒక పని ఉంది. నేను నడపలేనని తెలిస్తే నా వంతు పోతుంది. వంతు పోతే పని పోతుంది. గండయ్య గురించి నువ్వు రాసిందే నేనూ అనుకున్నాను, నీకంటే ముందే అనుకున్నాను. తమ్ముడూ, కళ్ళు పోతున్నాయన్నప్పుడు నాకు ఇంత భయం వేయలేదు.

నడపలేని వాడికి సగం కారు ఎందుకు? వచ్చి తీసుకుపో. నా సగం నీకే. ఉమాశంకర్ చెప్పినట్టు చేసుకో.

ఈ ఉత్తరం సువార్తమ్మ బస్సులో తెచ్చి ఇస్తుంది.

జోసఫ్


ఉప్పల్,
అదే బుధవారం

జోసఫన్నకు,

వదిన చాయ్ తాగేలోపు రాసి ఆమె చేతికే ఇస్తున్నాను. గట్టిగా చదువు వదినా, ప్రతి ముక్కా ఆయన చెవిలో పడాలి.

కారు తీసుకుపోను. జూన్ నెల నీది. షిఫ్టు మధ్యలో మెషిన్ వదిలి పోయిన వాణ్ణి కంపెనీలో నువ్వు ఏమనేవాడివో వదిన ముందు రాయలేను.

ఇప్పుడు లీకు సంగతి తేల్చేద్దాం. నాలుగు నెలలుగా నువ్వు బాగు చేయిద్దాం అంటున్నావు, నేను వద్దంటున్నాను. ఇప్పుడు ఇంకా గట్టిగా వద్దంటున్నాను. లీకును అలాగే ఉంచుదాం. లీకు ఉంటే ఎవరో ఒకరు వారం వారం గేజి చూడాలి. కాబట్టి కారు ఇక నీ గేటు ముందే ఉంటుంది. ప్రతి ఆదివారం నేను వచ్చి గేజి లాగి చదివి చెబుతాను. ఎంత పోయాలో, అసలు పోయాలో వద్దో నువ్వు చెప్పు. నేను సొంత తెలివితో పోస్తే ఏమవుతుందో రింగ్ రోడ్డు అంతా చూసింది కదా. మావాడు అడిగితే నాచారంలో నాకు పనుందని చెబుతాను. అబద్ధం కూడా కాదు.

ఒప్పుకోనంటే మాత్రం, ఆ సీసాలు తెచ్చి మళ్ళీ ఇంజన్‌లో పోస్తాను.

రాములు


నాచారం,
జులై, మొదటి ఆదివారం

తమ్ముడు రాములుకు ప్రభువు పేరిట వందనాలు.

నీ పథకాన్ని సువార్తమ్మ చేత రెండుసార్లు చదివించుకున్నాను. నీ మనసు మంచిదే. బుర్ర మాత్రం కంపెనీలో ఉన్నప్పటిదే. లీకు ఉందని తెలిసి, ఉండాలనే ఉంచి, ఏ మెషిన్‌నూ నేను ఇంకొకడికి అప్పజెప్పలేదు. ఇప్పుడూ అప్పజెప్పను.

పోయిన వారం దయాకర్‌ను పిలిపించి గ్యాస్కెట్ తెప్పించాను. బిగించింది నేనే. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని చాయ్ తాగాడు. పైమూత విప్పి, పాత రబ్బరు లాగి, గాడి అంతా వేలు పెట్టి తడుముతూ పోతే వెనక మూల చిటికెడు మడ్డి దొరికింది. గ్యాస్కెట్ అక్కడ కూర్చోవడం లేదు. కళ్ళున్న వాళ్ళెవరికీ అది కనబడలేదు. సువార్తమ్మ టార్చి పట్టుకుంది. "నీకు కనవడది, ఆయన సూస్తలేడు, నేనెవలికోసం పట్టుకున్న దీన్ని" అని నవ్వింది. చాలా రోజులకు నవ్వింది.

తర్వాత ఇంజన్ కింద అట్ట పరిచి ఉంచాం. మూడో రోజు అట్ట తీసి సువార్తమ్మ శుభ్రంగా ఉందన్నది. నాకు కనబడదు కాబట్టి అరచేత్తో తుడిచి చూశాను. పొడిగా ఉంది. ఇంజన్ దించాల్సిన పని లేదు, వెనక సీల్‌కు ఏమీ కాలేదు. కింద కనబడిన చెమ్మ అంతా పైనుంచి జారిందే. ఇక నీతో వాదన ముగిసింది, నేను గెలిచాను.

కాబట్టి గేజి చదవడానికి వారం వారం నువ్వు రానక్కర లేదు. పోయవలసిన ఆయిల్ లేదు, చూడవలసిన మరక లేదు. ఇక్కడ నీకు ఏ పనీ లేదు. అయినా రా. ప్రతి ఆదివారం రా. పని ఉంటేనే వస్తావని నేను అనుకోవడం నీకూ మర్యాద కాదు, నాకూ కాదు. నువ్వు రాకపోతే నాకు బాగుండదు. ఇంత మాట ఇన్నేళ్ళలో ఏ చీటీలోనూ రాయలేదు. మెషిన్ సంగతి కాదని రాయలేదు.

ఈ రోజు ప్రార్థన అయ్యాక నలుగురం బయటికి పోదాం. ఎక్కడికో రుక్కమ్మ చెబుతుంది. పులుసులో మీ వదిన చింతపండు తగ్గించింది, డబ్బాలో పెట్టుకుని వస్తాం.

ఇక అప్పజెప్పడం. బ్రేకులు బాగున్నాయి. ఆయిల్ గీత మీద సరిగ్గా ఉంది, దయాకర్ చదివాడు. హారన్ మొదటి నొక్కుకే పలుకుతోంది. ఎడమవైపు అద్దం పిడి స్క్రూ వేసి బిగించాను. డ్రైవర్ సీటు నువ్వు వదిలిన చోటే ఉంది, అదిక అక్కడే ఉండనీ. దాని పక్క సీటును మాత్రం వీలైనంత వెనక్కి జరిపాను. నా కాళ్ళు పొడుగు.

జోసఫ్